నక్షాబాయి చెరపని గీత

మొన్న రాజురా దగ్గర ఒక బడిలో పంకాలు బిగించడానికి వెళ్లాను. నేను నిచ్చెన మీదున్నాను. కింద ఒక టీచరమ్మ పాత కంప్యూటరులో లినక్స్, అంటే కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రాం, ఎక్కిస్తోంది. తెర మీద ప్రశ్నలు ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయి: భాష ఏది, ఊరు ఏది, డిస్కును ఏం చెయ్యాలి. టీచరమ్మది సరిహద్దు పల్లెలో తెలుగు రైతుల ఇల్లు, చదువంతా మరాఠీలో. అయినా భాష దగ్గర తెలుగునే ఎంచి, అక్షరాలను పప్పులో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరుకుంటూ చదువుతుంది. డిస్కు ప్రశ్న దగ్గర ఆగి పైకే చదివింది.

"పాత రాతను ముట్టుకోకు. కొత్త చోట రాయి. కరెంటు పోయే ఊళ్లకు ఇది మంచిది."

పంకా రెక్క నా చేతిలోంచి జారి ఖణేల్‌మని కింద పడింది.

"గా మాట మా అక్క రాసింది," అన్నాను.

"ఏ అక్క?"

"మా బాబుపేట్ అక్క."

టీచరమ్మ తల ఎత్తి చూసింది. నా కీర్తి రాజురా దాకా పాకిందని నాకు అప్పుడే తెలిసింది. "అన్నా, పోయినసారి మా సార్‌కు ఏం చెప్పిన్రు? వర్ధా నదిల మొసలి మీ కటింగ్ ప్లేయర్ మింగి, మూడో రోజు ఒడ్డుకు తెచ్చి పెట్టిందని చెప్పిన్రు. ఇప్పుడు గీ లినక్స్ మీ అక్క చేసిందంటరా? ఖరం సాంగా, నిజం చెప్పుండ్రి!"

"లినక్స్ కాదమ్మా. లినక్స్‌ను లోపలికి ఎక్కించే ప్రోగ్రాం ఉన్నది చూడు, దాన్ల గీ ఒక్క దర్వాజా ఆమెది."

ఆమె నమ్మలేదు. నమ్మకపోవడం ఆమె తప్పు కాదు. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మా ఊళ్లో పిల్లలకు అన్నప్రాశన నాడే నేర్పుతారు. అందుకే ఇది కాగితం మీద పెడుతున్నాను. పులి, మొసలి వచ్చిన చోట మీ ఇష్టమొచ్చినంత తీసేసుకోండి. అక్క వచ్చిన చోట మాత్రం ఏమీ తియ్యకండి.

అక్క పోయిన చలికాలం చనిపోయింది. పేరు రాయను. గని సర్వే ఆఫీసులో మరాఠీ వాళ్లు ఆమెను నక్షాబాయి అనేవారు. నక్షా అంటే పటం. నేల కింద ఎక్కడెక్కడ బొగ్గు తవ్వారో ఆ సొరంగాల పటాలను పల్చటి ట్రేసింగ్ గుడ్డ మీద నల్ల సిరాతో ఎత్తి గీయడం ఆమె పని. ఒక్కసారి కూడా గనిలోకి దిగలేదు. కానీ మా కాళ్ల కింద ఏ సొరంగం ఎటు తిరుగుతుందో ఆమెకు తన వంటింట్లో డబ్బాల కన్నా బాగా తెలుసు. బాబుపేట్ వీధిలో నడుస్తూ నడుస్తూ ఆగి, చెప్పుతో నేలను తట్టి, "ఏం లేదు, గట్టి జాగానే," అని మళ్లీ నడిచేది.

ఆమెను దారి అడిగినవాడు చెడ్డాడన్నమాటే. "ముందుకు పోతే పాత టాకీసు ఉండె. అది పోయి బట్టల దుకాణమైంది. అది పోయి మందుల దుకాణమైంది. దాని పక్కన బాయి ఉండె, పూడ్చిన్రు. గా బాయి దగ్గర మర్లు," అనేది. లేని టాకీసు, లేని దుకాణం, లేని బావి దగ్గర మలుపు వెతుక్కుంటూ ఎంతమంది చుట్టాలు ఎండలో తిరిగారో!

ఆమె ఇంటి గోడకు క్యాలెండర్లన్నీ ఒకే మేకుకు ఉండేవి. కొత్త ఏడాది వస్తే పాతదాని మీదే కొత్తది తగిలించేది. నేను చూసే నాటికి ఆ కట్ట గోడ నుంచి జానెడు ముందుకు వచ్చింది. తలుపు దాన్ని రాసుకుంటూ తెరుచుకునేది.

కంప్యూటరు ముందు కూర్చున్నా అదే మనిషి. ముందు మీటలన్నీ మెత్తటి గుడ్డతో తుడిచేది. చెమట పడకుండా మణికట్టు కింద మడతపెట్టిన రుమాలు పెట్టుకునేది. తప్పు అక్షరం పడితే చెరిపేది కాదు. ఒక గీత పెట్టి పక్కన ఒప్పు రాసేది. మిగతా మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి గానీ, చెరిపే మీట మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరిసేది.

నాలాంటి కోతలరాయుడికి ఆమె పెద్ద గండం. ఒకసారి ఆమె బడి నడిపే హాల్లో అందరి ముందూ ఒక పులి కథ ఎత్తుకున్నాను. విసాపూర్ రోడ్డులో పులి నా స్కూటరుకు అడ్డం వచ్చిందనీ, హారన్ కొడితే పక్కకు జరిగి, మెల్లగా పొమ్మన్నట్టు తోక ఊపిందనీ చెప్పాను. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

"రోడ్డుకు ఏ దిక్కున ఉండె పులి?"

"పడమట అక్కా."

"ఎన్ని మీటర్ల దూరంల?"

"గదే... ఒక ఇరవై మీటర్లు."

"పొద్దు ఏడున్నది?"

"మునుగుతున్నది."

"పడమటనే పులి, పడమటనే పొద్దు. కండ్లల్ల ఎండ కొడుతుంటే తోక ఊపుడు ఎట్ల కనబడ్డది తమ్మీ?"

ఆ రోజు నుంచి నా పులులన్నీ తూర్పు దిక్కునే కనిపిస్తాయి.

చెరపకపోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎప్పుడో వదిలేసిన ఒక సొరంగం గీత పటం మధ్యలో వికారంగా ఉందని, బ్లేడుతో సిరా గీకేసి గుడ్డను నున్నగా చేసిందట. పని నేర్పే ముసలి ఉస్తాదు అది చూసి అరవలేదు. ఒక లోటా నిండా నీళ్లు తెచ్చి సరిగ్గా ఆ గీత ఉన్నచోట పెట్టాడట. "వదిలేసిన సొరంగంల వానలకు వానలు నీళ్లు నిండుతయ్ బిడ్డా. రేపు కొత్తగ తవ్వెటోడు నీ నక్షా చూసి, గిక్కడ ఏం లేదనుకుని గడ్డపార దింపుతడు. గప్పుడు గీ లోటా వాని మీద పడతది. లోటా అంత కాదు, చెరువంత." ఆమె ఆ గీత మళ్లీ గీసింది. ఆ తర్వాత ఆమె నోట మేం వెయ్యిసార్లు విన్నమాట ఇదే: "పాత గీత గీకొద్దు. దాని ఎనక నీళ్లుంటయ్."

ఆఫీసులో కంప్యూటర్లు వచ్చి ట్రేసింగ్ బల్లలు పోయాయి. ఆమె వాటినీ నేర్చుకుంది. పని నుంచి దిగిపోయాక బాబుపేట్ చర్చి పక్కనున్న హాల్లో, ఎవరో వద్దనుకున్న ఆరు కంప్యూటర్లు పెట్టించి తెలుగు బడి నడిపింది. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ రాస్తారు. పెద్దవాళ్లలో చాలామందికి మాటే గాని అక్షరం లేదు. ఆదివారం ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం అందరూ వచ్చి కూర్చునేవారు. ఆ హాలు వైరింగు నాదే కాబట్టి నేనూ ఉండేవాణ్ణి.

ఆ బడిలో అందరికన్నా పెద్ద విద్యార్థి లాల్‌పేట్ కాకా. గనిలో బొగ్గు తవ్వి రిటైరైనవాడు. నౌకరీ అంతా వేలిముద్రే. డెబ్బై దాటాక అక్క దగ్గర అక్షరాలు దిద్దాడు. ఒక్క వేలితో, బావిలోకి బొక్కెన వదిలినట్టు, చాలాసేపు చూసి ఒక్క మీట నొక్కేవాడు. అలా ఆరు నెలలు కూర్చుని తన బతుకు పదకొండు పేజీలు రాశాడు. ఆ పదకొండు పేజీలు రాసినన్నాళ్లు ఆయన చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుని వచ్చేవాడు.

ఒక ఆదివారం గాలిదుమారం లేచింది. అప్పుడే కాకా కంప్యూటరు కొత్త ప్రోగ్రాములు దించుకుని తనను తాను సవరించుకుంటోంది. కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక ఆ యంత్రం లేవలేదు. అక్క రెండు రోజులు దాని ముందు కూర్చుంది. పదకొండు పేజీల్లో ఒక్క అక్షరం రాలేదు.

"పోనీ తియ్యి బిడ్డా. గనిల బొగ్గు టబ్బులు బోల్తా పడలేదా," అన్నాడు కాకా. అన్నాడు గానీ, మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

బ్యాటరీ పెట్టలేదా అంటారేమో. పెట్టాం. మా ఊరి మే నెలలో నీడ కూడా గోడవారగా నిలబడి మంచినీళ్లు అడుగుతుంది. ఆ వేడికి బ్యాటరీలో నీళ్లు ఆవిరై, మేఘమై, నాగ్‌పూర్‌లో కురిశాయి. (ఇది మీరు తీసేసుకోవచ్చు. బ్యాటరీ పాడైందన్న మాట మాత్రం ఉంచండి.)

అప్పుడు చర్చి సంఘ పెద్ద వచ్చాడు. హాలు తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. చెడ్డవాడు కాదు, పాటల గుంపుకు సాధన చేసుకునే చోటు లేదని ఆయన బాధ.

"సిస్టర్, ముసలాయన ఏడ్వలేదు కని ఏడ్చినట్టే ఉండె. ఇంకొక్కసారి గిట్లయితే గీ కంప్యూటర్ డబ్బాలన్నీ తీసి స్టోరుల పెట్టిస్త. పాటలోళ్లు కూసుంటరు."

"బడి బంద్ చేస్తరా?"

"వానలు రానీ. వానలల్ల ఎట్లయినా కరెంటు ఆడుతది. గప్పుడు ఏమైతదో చూద్దాం."

అంటే ఆమెకు దొరికింది ఒక్క ఎండాకాలం.

తప్పు ఎక్కడుందో ఆమె నాకు చెప్పిన తీరు ఇది. మామూలు డిస్కు పాత రాత మీదే కొత్త రాత రాస్తుంది. సగంలో కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. ఇంకో పద్ధతి ఉంది. అది పాతదాన్ని ముట్టుకోదు. ఖాళీ జాగాలో కొత్తదాన్ని పూర్తిగా రాసి, అయిపోయాక మాత్రమే, ఇక మీదట ఇటు చూడండని గుర్తు మారుస్తుంది. సగంలో ఆగిపోతే పాతది పాతచోటే చెక్కుచెదరకుండా ఉంటుంది.

"మా ఉస్తాదు చెప్పిందే తమ్మీ! గీ కంప్యూటరోళ్లకు ఇప్పుడు తెలిసింది."

కానీ మేం వాడే లినక్స్ పాత యంత్రాల కోసం ఎక్కడెక్కడో ఉన్న కొందరు ఊరికే చేసి పంచేది. దాన్ని ఎక్కించే ప్రోగ్రాముకు, అంటే ఇన్‌స్టాలరుకు, ఈ కొత్త పద్ధతి తెలియదు. చేత్తో ఇరవై ఆజ్ఞలు రాస్తే కుదురుతుంది. అక్క రాయగలదు.

"మరి రాసెయ్యి, ఆరు డబ్బాలే కద," అన్నాను.

"నేను లేనప్పుడు?" అంది. "రేపు కోర్పన ఊళ్ల ఒక పోరి కూసుంటది, తెలుగు సరిగ్గ రాదు, లినక్స్ అసలే రాదు. గామెకు ఇరవై ఆజ్ఞలు ఎవరు చెప్తరు? ఒక్క ప్రశ్న అడగాలె, ఒక్క టిక్కు పెట్టాలె, అయిపోవాలె."

అలా ఆ ఇన్‌స్టాలరు లోపలి రాత తెరిచి, తనకు సరిపడే చోటు వెతికి, రుమాలు మడతపెట్టి మణికట్టు కింద పెట్టుకుంది.

ఆ ఎండాకాలం నాకు దొరికిన ఉద్యోగం విచిత్రమైనది. మెయిన్ స్విచ్ దగ్గర నిలబడటం. ఒక కంప్యూటరులో ఇన్‌స్టాలరు నడుస్తుంటే, అక్క తెర వైపు చూస్తూ చెయ్యి పైకెత్తేది. ఆ చెయ్యి దింపి "కొట్టు!" అనగానే నేను స్విచ్ కొట్టాలి. కంప్యూటరు చచ్చేది. మళ్లీ లేపి, ఏం మిగిలిందో చూసి, నోటుబుక్కులో రాసుకునేది. మళ్లీ చెయ్యి. మళ్లీ "కొట్టు!" పాతికేళ్లుగా నేను కరెంటు ఇచ్చి బతుకుతున్నాను. తీసినందుకు మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే.

దారిన పోయే సంఘ పెద్ద ఒకరోజు కిటికీలోంచి చూశాడు. "సిస్టర్, కరెంటు పోతే బాధపడెటోళ్లను చూసిన. పైసలిచ్చి... కాదు, మనిషిని పెట్టి తీయించెటోళ్లను చూడలే."

"దెబ్బ తినకుంట గట్టిదా కాదా ఎట్ల తెలుస్తదన్నా? కుండ కొనేటప్పుడు కొట్టి చూడమా?"

నలభై ఒక్కసారి కొట్టాం. రెండుసార్లు లేవలేదు. ఆ రెండూ ఎక్కడ, ఏ నిమిషంలో అన్నది రాసి, తన మార్పులతో కలిపి, ఆ ఇన్‌స్టాలరును చూసుకునే మనిషికి పంపింది. ఆ మనిషి ఎవరో, ఏ దేశమో మాకు తెలియదు. పేరు ముక్క కూడా మూడక్షరాలే. నేను మాత్రం ఆయన మంచు గుడిసెలో ఉంటాడనీ, వేళ్లు కొంకర్లు పోతే చేపనూనె దీపం మీద కాచుకుని జవాబు రాస్తాడనీ బాబుపేట్ అంతా చాటాను.

"గా గుడిసె ఏ అక్షాంశం మీదున్నది?" అంది అక్క.

జవాబు వచ్చింది. మెప్పు లేదు, తిట్టు లేదు. నాలుగు ప్రశ్నలు. అందులో ఒకటి: 'యంత్రాన్ని నిన్నటి స్థితికి వెనక్కి తిప్పితే, మనుషులు ఈరోజు రాసుకున్నది కూడా వెనక్కి పోతుంది కదా?'

అక్క నుదురు కొట్టుకుంది. యంత్రం సామాను, మనుషుల రాతలు అన్నీ ఒకే గదిలో పెట్టేసింది. వాటిని రెండు గదులు చేసింది. ఒక గదిని వెనక్కి తిప్పినా రెండోది కదలదు. ఆ రోజంతా సంతోషంగా ఉంది. "మంచి మనిషి. నా లెక్కనే అడుగుతడు," అంది. ఆమె ఒకరిని ఇంతకన్నా పొగడగా నేను వినలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఆ తప్పు ఆమె ఒక్కతే చేయగలదు. ఇంకెవరి చేతా కాదు.

ప్రతి మార్పుకు ముందు యంత్రం తన స్థితిని ఒక నకలుగా దాచుకునేలా చేసింది. కొత్తది చెడితే ఆ నకలు నుంచి లేవవచ్చు. ఎన్ని నకళ్లు ఉంచాలి? ఆమెకు ఆ ప్రశ్నే తోచలేదు. అన్నీ ఉంచింది. గోడకు క్యాలెండర్లు ఉంచినట్టే. మా పాత డిస్కులు చిన్నవి. మూడు వారాలకు పరీక్షకు పెట్టిన యంత్రం నిండిపోయి ఆగిపోయింది. పాత నకళ్లు కొన్ని తీసేద్దామని, మనసు రాయి చేసుకుని ఆజ్ఞ రాసింది. జాగా లేదంది యంత్రం.

"తీసేయడానికి కూడ జాగా కావాల్నా?" అని నేను పడీ పడీ నవ్వాను.

"కావాలె," అంది. నవ్వలేదు. "ఇది పాతదాన్ని ముట్టుకోదు కద. తీసేసిన అన్న ముచ్చట కూడ కొత్త జాగాలనే రాయాలె. గా కొత్త జాగా లేదు."

తెర మీది నకళ్ల జాబితా వెంట వేలు కిందికీ పైకీ జరిపింది. చివరికి మెల్లగా అంది: "ఏది తియ్యాలో నాకు తెలుస్తలేదు తమ్మీ. నలభై ఏండ్ల సంది గీ చెయ్యి తీసెయ్యలే. ఇప్పుడు తియ్యమంటే వస్తలేదు."

ఆకాశం పడమట నల్లబడటం మొదలైంది. వానలకు ఎన్నో రోజులు లేవు. నాకు వేరే మందు తెలియదు కాబట్టి చాయ్ తాగిద్దామని లాల్‌పేట్ తీసుకెళ్లాను. అక్కడ బల్ల మీద కాకా ఉన్నాడు. గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, సాసరులో చాయ్ ఊదుకుంటున్నాడు.

"ఏంది బిడ్డా, మొకం గట్లున్నది?"

అక్క చెప్పింది. చాయ్ గ్లాసులు, బిస్కెట్లు బల్ల మీద పేర్చి, ఇవి నకళ్లు, ఇది డిస్కు, ఇక్కడ నిండిపోయింది అని చూపించింది. కాకా అంతా విన్నాడు. తర్వాత పళ్లులేని నోటితో నవ్వాడు.

"డీపిల్లరింగ్ మర్చినవా? నక్షా నువ్వే గీసినవ్ కద!"

"గదేంది?" అన్నాను నేను.

"నువ్వు చుప్ కూసో, నీకు పులులే తెలుసు." కాకా బిస్కెట్లను తన ముందుకు లాక్కున్నాడు. "లోపలికి పోయేటప్పుడు బొగ్గు తవ్వుకుంట పోతం. కప్పు కూలకుంట నడుమ నడుమ బొగ్గు స్తంభాలు వదుల్తం. అవే పిల్లర్లు. అవును కద బిడ్డా?"

"అవును."

"అన్నీ గట్లనే వదిలేస్తే గని మీద బతుకుడేంది? అందుకే వాపస్ వచ్చేటప్పుడు తీస్తం. ఏడికెల్లి తీస్తం? అన్నిట్ల దూరముండేది ముందుగల." చివరి బిస్కెట్టు తీసి నోట్లో వేసుకున్నాడు. "కప్పు కూలుతది. కూలనీ. మనం గాడ లేం కద. తర్వాత దాని ఇవతలది." ఇంకోటి తిన్నాడు. "కని మనం బైటికొచ్చే తొవ్వ మీద పిల్లర్లు ఉంటయ్ చూడు, గవి ముట్టుకోం. ప్రాణం పోయినా ముట్టుకోం."

అక్క కళ్లు ఆర్పకుండా వింటోంది. "కాకా, గా కూలిన జాగా..."

"కూలిన జాగా నీ నక్షాల ఉంటది. గనిల ఉండదు. గనిల ఉండాల్నని ఎవరన్నరు?"

అక్క గ్లాసు కింద పెట్టింది. అందులో చాయ్ అలాగే ఉంది. నా స్కూటరు ఎక్కి, "నడువ్ తమ్మీ, లవకర్, జల్దీ," అంది.

ఆమె పెట్టిన కొత్త పద్ధతి ఇది: అన్నిటికన్నా పాత నకలు ముందు పోతుంది. కొత్తవి కొన్ని ఎప్పుడూ ఉంటాయి. డిస్కులో ఒక మూల ఎప్పటికీ నిండనివ్వదు. అది బయటికొచ్చే దారి, ఏదైనా తీసేయాలంటే ఆ జాగా ఉండాలి. ఇంకా ఒకటి చేసింది. తీసేసిన ప్రతి నకలు పేరు, తేదీ ఒక చిట్టాలో రాసుకునేలా పెట్టింది.

మంచు గుడిసె మనిషి అంతా ఒప్పుకుని ఆ చిట్టా దగ్గర ఆగాడు. 'ఇది ఎందుకు? ఆ నకళ్లు ఇక లేవు కదా?'

అక్క ఇంగ్లీషు ఆమె పటాల్లాగే, మాట ఎక్కువ ఉండదు. 'గనిలో లేవు. పటంలో ఉండాలి,' అని రాసింది.

మూడో రోజు జవాబు వచ్చింది: 'చేర్చాను. చిట్టాతో సహా.'

ఇన్‌స్టాలరు డిస్కు దగ్గర అడిగే ఆ ఒక్క ప్రశ్న మరాఠీలో, తెలుగులో ఎలా ఉండాలో కూడా ఆమే రాసి పంపింది. ఆ తెలుగును ముందు మా అందరి చేతా చదివించింది. ఎవరు ఎక్కడ తడబడితే అక్కడ మాట మార్చింది.

తర్వాత ఆరు యంత్రాల్లోనూ ఆ కొత్త ఇన్‌స్టాలరుతోనే లినక్స్ ఎక్కించి, కాకా ఇంటికి వెళ్లింది.

"ఇగ రా కాకా."

"మల్ల మొదటి పేజీ నుంచా?"

"అవును. మొదటి పేజీ నుంచే."

కాకా తన వేలి వైపు చూసుకున్నాడు. "వస్త," అన్నాడు.

తొలి వానల ఆదివారం. హాల్లో పిల్లలు, పెద్దలు, గుమ్మం దగ్గర పుస్తకాలు పట్టుకుని పాటల గుంపు. సంఘ పెద్ద చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. కాకా రెండో ఆదివారపు రాత రాస్తున్నాడు. గుండీలు సరిగ్గా ఉన్నాయి. బయట ఉరుము ఉరిమింది. అక్క కాకా దగ్గరికి వెళ్లి వంగింది.

"కాకా, నీ డబ్బాల కొత్త ప్రోగ్రాములు దించాల్నా? పోయినసారి గిదే పని చేస్తుంటే పోయింది. వద్దంటే రేపు చేస్త."

కాకా తెర వైపు చూశాడు. సంఘ పెద్ద వైపు చూశాడు. "నడువనియ్," అన్నాడు.

అది సగానికి వచ్చేసరికి మెరుపు, వెంటనే పెద్ద చప్పుడు. హాలు చీకటైంది. పంకాలు నెమ్మదిగా తిరిగి ఆగిపోయాయి.

అందరూ నా వైపు చూశారు.

"నేను కాదు! కసం, ఒట్టు! నా చెయ్యి జేబుల ఉన్నది!"

ఎవరూ నమ్మలేదు. బయట వీధంతా కరెంటు లేదని తెలిశాక కూడా ఇద్దరు అనుమానంగానే చూశారు.

ముప్పావు గంట వాన కొట్టింది. ఎవరూ ఇంటికి పోలేదు. పాటల గుంపు పాడలేదు. అక్క కాకా కుర్చీ వెనుక నిలబడి ఉంది. ఆమె చేతిలో రుమాలు పిండితే నీళ్లు కారేలా ఉంది. కాకా మాత్రం ఒక్క వేలు మీట మీదే ఉంచి కూర్చున్నాడు, ఎవరైనా పిలుస్తారేమోనన్నట్టు.

కరెంటు వచ్చింది. యంత్రం గురగురలాడింది. సగం సవరించుకున్న ఒళ్లు కాబట్టి తిన్నగా లేవలేకపోయింది. కానీ ఈసారి తెర ఖాళీగా ఊరుకోలేదు. ఒక జాబితా పరిచింది: ఈరోజుది, నిన్నటిది, పోయిన వారానిది. ఎక్కడి నుంచి లేవాలో చెప్పమంది. అక్క బాణం మీట ఒక్కసారి కిందికి నొక్కి నిన్నటిది ఎంచింది. తెర మీద నీలం వచ్చింది, బొమ్మలు వచ్చాయి. కాకా కాగితం తెరుచుకుంది. యంత్రం నిన్నటికి పోయింది గానీ కాకా రాత ఈరోజులోనే ఉంది. ఒక పేజీ నిండా.

పిల్లలు చప్పట్లు కొట్టారు. అక్క కొట్టలేదు. తెరకు ముక్కు ఆనించి పై నుంచి కింది దాకా చదివింది, పటం సరిచూసినట్టు.

"కాకా," అంది. "ఆఖరు లైను పోయింది. కరెంటు పోయేటప్పుడు రాస్తున్నది, గది దాసుకోక ముందే పోయినట్టున్నది. ఒక్క లైనే కాకా."

సంఘ పెద్ద గోడ వదిలి ముందుకు వచ్చాడు. "ఏం లైను గది?"

"మొదటి రోజు గనిలకు దిగితే నాకు భయం కాలేదు అని రాసిన," అన్నాడు కాకా.

అక్క ఆ లైను తిరిగి రాద్దామని మీటల వైపు వంగింది.

"పోనీ తియ్యి," అన్నాడు కాకా. "గది అబద్ధం. రాసిన సంది ఎట్ల కొట్టెయ్యాల్నో అని చూస్తున్న. గా వానే కొట్టేసింది."

నవ్వింది మొదట అక్కే. ఆమె అంత పెద్దగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

కాకా వేలు లేచింది. బావిలోకి బొక్కెన వదిలినట్టు దిగింది. మళ్లీ లేచింది. సంఘ పెద్ద ఆయన భుజం మీదుగా వంగి, పెదవులు కదుపుతూ, పడిన అక్షరాన్ని పడినట్టే చదువుతున్నాడు. భ. య. మై. ఆయనకూ తెలుగు అంతంత మాత్రమే. 'భయమైంది' అని పూర్తయ్యేసరికి చాలాసేపు పట్టింది.

గుమ్మం దగ్గర నుంచి పాటల గుంపులో ఎవరో, "అయ్యా, మేం లోపలికి రావాల్నా?" అని అడిగారు.

"వరండల పాడుకోపోండి. ఇక నుంచి ఆదివారం గక్కడనే," అన్నాడు సంఘ పెద్ద, తిరిగి చూడకుండా. ఒక కుర్చీ లాక్కుని కాకా పక్కన కూర్చున్నాడు. "మల్ల ఏమైంది కాకా?"

"ఆగు," అన్నాడు కాకా, తదుపరి మీట కోసం వెతుకుతూ. "రాస్తున్న కద."